రౌటర్‌కి పాత పేరు

ఐదింటికి నిచ్చెన అనే కుర్రాణ్ణి మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణుంచి జైలుకి వెళ్ళే దారి తిన్ననిదే, వెనక్కి వచ్చే దారికే వంకరలెక్కువ. ఆ సంగతి స్టేషన్ వసారాలో బెంచీ మీద కూర్చున్న అతని అక్కకి తెలుసు. లోపల గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తున్న అతనికీ తెలుసు. అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్న డిటెక్టివ్‌కీ తెలుసు. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

అతని అక్క పిలిపిస్తే వచ్చిన ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ని పోలీసులు చాటుగా నిదానమ్మ అనేవారు. ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చాక కూడా ఆమె కాసేపు ఊరుకుంటుంది. ఆ మౌనాన్ని భరించలేక చాలామంది అడగని సంగతులు కూడా చెప్పేస్తారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా, ఆమెకి అది నచ్చింది. ఇప్పుడు ఎదురుగానే అలా పిలుస్తున్నారు.

నిచ్చెన ఇళ్ళకి నెట్ లైన్లు లాగే మనిషి. తాడిచెట్టంత ఎత్తు, దానికి తోడు భుజం మీద ఎప్పుడూ ఒక అల్యూమినియం నిచ్చెన. ఆ రెంటిలో దేన్ని చూసి ఆ పేరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. నిన్న మధ్యాహ్నం అతను వయొలిన్ టీచర్ ఇంట్లో కొత్త రౌటర్ పెట్టి వచ్చాడు. సాయంత్రానికి ఆ టీచర్ తన హాల్లోనే శవమై కనిపించింది. మెడకి బిగించి ఉన్నది ఆ రౌటర్ డబ్బాలో వచ్చిన పసుపు వైరు. దాని మీద ఉన్నవి నిచ్చెన వేలిముద్రలు.

"వైరు విప్పి చూశాను మేడమ్, అవసరం లేకపోయింది. మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టాను," అన్నాడు. ఉదయం నుంచి ఆ ఒక్క మాటా ఎన్నిసార్లు చెప్పాడో, గొంతులో దాని పదును పోయింది.

నిదానమ్మ అతన్ని మొదట్నుంచీ చెప్పమంది. అతను చెప్పాడు. రెండింటికి వెళ్ళాడు. వీధి స్తంభం మీంచి ఫైబర్ తీగ లాగి, కిటికీ చట్రం పక్కన కన్నం వేసి లోపలికి తెచ్చాడు. పాత పెట్టె తీసేసి కొత్త రౌటర్‌ని హాలుకీ లోపలి గదికీ మధ్య గోడకి తగిలించాడు. ఎర్ర దీపం ఆరింది, పచ్చ దీపాలు నిలిచాయి. కంపెనీ ఇచ్చిన ఐడీ కొట్టాడు, నెట్ వచ్చింది. మూడున్నరకి క్లాసుందని టీచర్ తొందరపెడుతూనే ఉంది. మూడుంబావుకల్లా సామాను సర్దుకుని మెట్లు దిగాడు.

"వైఫైకి పేరేం పెట్టావు తమ్ముడూ?"

"పాతదే మేడమ్. పాత పేరు, పాత పాస్‌వర్డ్. నేనెక్కడైనా అంతే. కొత్త పేరు పెట్టామనుకోండి, ఇంట్లో ప్రతి ఫోన్లోనూ మళ్ళీ కొట్టుకోవాలి. రాత్రికి నా ప్రాణం తీస్తారు. పాతదే పెడితే అన్నీ వాటంతటవే పట్టుకుంటాయి. రౌటర్ మారిందని ఫోన్లకి కూడా తెలియదు."

"చివర్న ఏం చేశావు?"

"చివర్న పొర."

ఆమె ఊరుకుంది. చెప్పమని అడగక్కర్లేదు. ఏడాది కిందట తన ఇంట్లోనూ లైను లాగింది ఇతనే. కొత్త రౌటర్ మీద, దీపాలుండే చోట, గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మిగతావాళ్ళు డబ్బా విప్పగానే దాన్ని పీకి పారేస్తారు. ఇతను పని అయ్యేదాకా దాని జోలికి పోడు. నెట్ వచ్చాక ఇంటివాళ్ళని పిలిచి, 'మీ చేత్తో తీయండి' అంటాడు. ఆ రోజు ఆమె తీసింది. సర్రుమని ఒక్క లాగులో వచ్చేసరికి చిన్నపిల్లలా నవ్వొచ్చింది కూడా.

"మా గురువు నేర్పిన అలవాటు మేడమ్," అన్నాడు నిచ్చెన. "పొర ఉన్నంతసేపూ పని మనది, పొర తీశాక ఇల్లు వాళ్ళది అనేవాడు. టీచర్ గారు దాన్ని వేలికి చుట్టుకుని, పారేయడానికి మనసొప్పక వయొలిన్ పెట్టెలో వేసుకున్నారు. నేను మెట్లు దిగుతుంటే లోపల శ్రుతి చేసుకుంటున్నారు. ఆవిడ ఆఖరి శబ్దం అదే నాకు."

అతని కళ్ళు నిండాయి. నిదానమ్మ పాత పేరూ పాస్‌వర్డూ, కంపెనీ ఐడీ అడిగి తన ఫోన్లో రాసుకుంది. వైఫై పేరు 'నాలుగు తీగలు'. వయొలిన్‌కి ఉండేవి నాలుగే. ఆవిడకి వేరే పేరు తోచి ఉండదు.

గుమ్మంలో టక్ టక్ మని తలుపు కొట్టిన చప్పుడైంది. ఆమె తలతిప్పింది. తలుపు ఎవరూ కొట్టలేదు. అది ఇన్‌స్పెక్టర్ జేబులోని ఫోను. మెసేజ్ వస్తే అలా మోగేలా పెట్టుకున్నాడు. అతను ఫోను చూడకుండానే నవ్వాడు. వేలికి జీపు తాళాల గుత్తి తిరుగుతోంది. ఆ గుత్తికి ఒక విజిలు, సిమ్ కార్డు తీసే సన్నటి పిన్ను కూడా వేలాడుతున్నాయి.

"ఏమండీ నిదానమ్మ గారూ, మీ తమ్ముడు ఏడ్చాడా, ఇంకా లేదా? నా దగ్గర పొద్దున్నే రెండుసార్లు ఏడ్చేశాడు."

"చేయనివాడు కూడా ఏడుస్తాడు ఇన్‌స్పెక్టర్ గారూ."

"చేయనివాడు అబద్ధమాడడుగా." అతను తలుపుకి ఆనుకున్నాడు. "మా కంప్యూటర్ సెల్ వాళ్ళు పొద్దున ఆ రౌటర్ చూశారు. డబ్బాలోంచి తీసినట్టే ఉంది. కంపెనీ అచ్చేసిన పేరే ఉంది, కంపెనీ అచ్చేసిన పాస్‌వర్డే ఉంది. నెట్ లేదు. అంటే వీడు పని పూర్తి చేయలేదు. పూర్తి చేసి మూడుంబావుకి వచ్చేశానంటాడు. పని మధ్యలో ఏదో గొడవైంది, చేతికందిన వైరు మెడకి వేశాడు. ఇందులో మీరు నిదానంగా ఆలోచించాల్సింది ఏముంది?"

"టీచర్ మీకు ముందే తెలుసా?"

"ఆ పై వాటా నర్సమ్మ నిన్న నాలుగున్నరకి ఫోన్ చేసేదాకా ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు. నాకు తెలిసిన సంగీతం సైరన్ ఒక్కటే."

వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ నవ్వలేదు. ఆయనకి నవ్వే అలవాటు తక్కువ.

ఇంటిని ఒకసారి చూస్తానంది నిదానమ్మ. ఇన్‌స్పెక్టర్ కాదనలేదు. నాలుగున్నరకి జీపు కోర్టుకి బయల్దేరుతుందనీ, అందాకా ఎంత నిదానంగా కావాలంటే అంత నిదానంగా చూసుకోవచ్చనీ అన్నాడు. తనూ వస్తానన్నాడు. వసారాలో నిచ్చెన అక్క లేచి నిలబడింది. వెళ్తున్న వాళ్ళ కాళ్ళవంక చూసింది.

టీచర్ ఇల్లు మొదటి అంతస్తులో. పైన ఇంటావిడ, రిటైరైనా ఆసుపత్రి వదలని నర్సమ్మ. తాళం తీసిందీ ఆవిడే, నిన్న డ్యూటీ నుంచి వస్తూ వారగా తీసి ఉన్న తలుపు చూసి శవాన్ని కనుక్కున్నదీ ఆవిడే.

హాల్లో రెండు కుర్చీలు, నోట్సు పెట్టుకునే ఇనుప స్టాండు, గోడకి రౌటర్. రౌటర్‌కి దీపాలు లేవు, పొద్దున ఎవరో ప్లగ్గు పీకి పోయారు. నేల మీద సుద్దగీత. నిదానమ్మ ఆ గీతని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలి గదిలోకి వెళ్ళింది. క్లాసులు జరిగే గది అదే. ఒక బల్ల, బల్ల మీద నిలబెట్టిన ట్యాబ్, పక్కన తెరిచిన వయొలిన్ పెట్టె. ట్యాబ్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసి ముద్ర వేశారుగానీ అక్కడే వదిలేశారు.

"దీన్ని ల్యాబ్‌కి పంపలేదేం?" అని అడిగింది.

"తాళం పడి ఉంది. అయినా సరిగమలు చెప్పే పలకలో ఏముంటుంది?" అంటూనే ఇన్‌స్పెక్టర్ ఫోను చూసుకుని విసుక్కున్నాడు. ఆ ఇంటి గోడలు పాతకాలపువి, మూరెడు మందం. లోపల అడుగు పెడితే ఏ ఫోనుకీ సిగ్నల్ ఉండదు. అతను వీధివైపు వరండాలోకి వెళ్ళాడు. అక్కడికి చేరగానే అతని ఫోను టక్ టక్, టక్ టక్ మని వరసగా కొట్టుకుంది.

"మా ఇంట్లో అందరిదీ అదే అవస్థ," అంది నర్సమ్మ. టీచర్ దగ్గరుండేది మీటల ఫోనొకటి, అదీ వరండాలోనే మోగేది. వీధి రొద వినపడదని టీచర్ ఆ గదినే ఎంచుకుంది, సిగ్నల్ రాదని నెట్ పెట్టించుకుంది. పిల్లలందరూ ఆ ట్యాబ్‌లోనే. మొదట్లో కొందరు ఇంటికే వచ్చేవారు, వాళ్ళ పెద్దవాళ్ళు హాల్లో కూర్చుని ఫోన్లు చూసుకునేవారు. పాస్‌వర్డ్ అడిగినవాళ్ళకల్లా చెప్పేది. తర్వాత అందరికీ ఆన్‌లైనే సుఖమైంది. నర్సమ్మకి పగలంతా డ్యూటీ కాబట్టి ఆ వచ్చినవాళ్ళ మొహాలు తెలియవు.

నిదానమ్మ మామూలుగానే ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో నర్సమ్మ ఇంకొకటి చెప్పింది, గొంతు తగ్గించి.

"వారం రోజులుగా ఒకటే దిగులు దానికి. ఎడమచేతి పిల్ల అని ఒక శిష్యురాలుంది. ఈ ఉక్కలో కూడా పొడుగు చేతుల చొక్కా తీయదట. మొన్న కుడిచేత్తో కమాను పట్టుకోలేక ఎడమచేత్తో పట్టిందట. ఏమైందంటే మంచం మీంచి పడ్డానందట. మంచం మీంచి రోజూ ఎవరు పడతారక్కా అంది నాతో. వాళ్ళ నాన్నని పిలిచి మాట్లాడతాను, దారికి రాకపోతే ఆయన పై ఆఫీసరు దగ్గరికే వెళ్తాను అంది."

"ఆయన ఎవరో చెప్పలేదా?"

"అడగలేదమ్మా. అడిగి ఉండాల్సింది." ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వయొలిన్ పెట్టెలో కమానుకి రాసే రోజిన్ బిళ్ళ ఉంది. దాని కింద, ఉంగరంలా చుట్టిన ప్లాస్టిక్ పొర. నిదానమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. వరండాలోంచి తిరిగొచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, దాని కథ చెప్పింది.

అతను దాన్ని వంగి చూసి, ఎంతో భక్తిగా కళ్ళకద్దుకున్నట్టు నటించాడు. "దీన్ని చూపిస్తే మెజిస్ట్రేటు గారు వాణ్ణి వదిలేసి దండ కూడా వేస్తారు. పని కాకముందే ఆవిడే పీకేసి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. అయితే ఇది కూడా చూడండి." ఆమె రౌటర్‌ని గోడ మీంచి దించి వెనక్కి తిప్పింది. వెనక ఒక చిన్న కన్నం, పిన్ను మాత్రమే పట్టేంత. లోపల ఒక మీట ఉంటుంది. పిన్నుతో కాసేపు నొక్కి పట్టుకుంటే రౌటర్ నేర్చుకున్నదంతా మర్చిపోతుంది. మనం పెట్టిన పేరు, పాస్‌వర్డ్, ఏ ఫోన్లు ఎప్పుడు కలిశాయన్న లెక్క, అన్నీ పోయి డబ్బాలోంచి తీసినట్టే అవుతుంది. ఆ కన్నం అంచున తెల్లగా కొత్త గీరలున్నాయి. తొందరలో తప్పిన పిన్ను గీరలు.

"వాడే నొక్కి ఉంటాడు."

"వాడు నొక్కితే వాడికేం లాభం? పని పూర్తయిందనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తనే చెరిపేసి, పూర్తయిందని మీ దగ్గర ప్రమాణం చేస్తాడా?"

ఇన్‌స్పెక్టర్ తాళాల గుత్తిని కుర్చీ మీద పడేసి, చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "మీరు కోర్టులో లాయరై పుట్టాల్సింది. నాలుగున్నరకి జీపు కదులుతుంది. నాకు అంతే తెలుసు," అని మళ్ళీ వరండాలోకి నడిచాడు.

హాల్లో మిగిలింది నిదానమ్మా, హెడ్ కానిస్టేబులూ. ఆయన్ని దగ్గరికి పిలిచి తన ఆలోచన చెప్పింది. నెట్ రాలేదనీ, క్లాసు జరగలేదనీ ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. నెట్ వచ్చిందనీ మూడున్నరకి క్లాసుందనీ నిచ్చెన అంటున్నాడు. ఆ క్లాసు జరిగి ఉంటే, అతను వెళ్ళాక కూడా టీచర్ బతికి ఉన్నట్టే. ట్యాబ్‌కి తాళం ఉంది నిజమే, కానీ నెట్ అందితే వచ్చే మెసేజీలు తాళం మీద నుంచే కనపడతాయి. జరిగిందీ లేనిదీ ఆ పిల్లలే చెప్తారు.

హెడ్డు కాసేపు తన టోపీ అంచు తడుముకున్నాడు. "సార్ని అడగొద్దా అమ్మా?"

"ముద్ర మీది, మీ సంతకంతో ఉంది. మీ ఎదురుగానే విప్పుతున్నాం, మీ ఎదురుగానే మళ్ళీ వేద్దాం. తప్పయితే నా మీద రాయండి. ఆ కుర్రాడి అక్కని బెంచీ మీద చూశారుగా."

ఆయన వెళ్ళి కవరు ముద్ర విప్పాడు.

నిదానమ్మ రౌటర్‌ని గోడకి తగిలించి, ఫైబర్ తీగ మడత పడకుండా చూసి, ప్లగ్గు పెట్టింది. ముందు ఒక పచ్చ దీపం. దాని పక్కన ఎర్రది వెలిగి, ఆరిపోయింది. తీగ బాగానే ఉందన్నమాట. రౌటర్ అడుగున అచ్చేసిన పేరు పట్టుకుని తన ఫోన్‌ని దానికి కలిపి, సెట్టింగుల పేజీ తెరిచింది. కంపెనీ ఐడీ అడిగిన చోట నిచ్చెన చెప్పిన అక్షరాలు ఒక్కొక్కటే కొట్టింది. నెట్ దీపం వెలిగింది. నిచ్చెన అయితే ఈ పాటికి రెండిళ్ళు ముగించి ఉండేవాడు.

ఇక పేరు. కొత్త పేరు పెడితే ట్యాబ్ పట్టుకోదు, తాళం పడ్డ దానిలో పాస్‌వర్డ్ కొట్టే దారి లేదు. 'నాలుగు తీగలు' అని కొట్టింది, నిచ్చెన చెప్పినట్టే, అతనిలాగే. కింద పాత పాస్‌వర్డ్. 'సరే' అన్న చోట నొక్కింది. రౌటర్ దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ ఒకటొకటిగా వెలగసాగాయి.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. హెడ్డు చేతిలో విప్పిన కవరు చూశాడు, ఆయన మొహం చూశాడు. "ఏం జరుగుతోందిక్కడ?"

"పిల్లల కోసం చూస్తున్నాం," అంది నిదానమ్మ.

లోపలి గదిలో చిన్న గంట మోగింది, ట్యాబ్‌ది. వెంటనే ఇంకొకటి. నిన్నటి నుంచి గుమ్మం బయట నిలబడిపోయిన పిల్లలందరూ ఒక్కసారి లోపలికి వచ్చినట్టు, గంటల మీద గంటలు. నిదానమ్మ లోపలికెళ్ళి ట్యాబ్‌ని తీసుకుని హాల్లోకి, రౌటర్ దగ్గరికి వచ్చింది. మొదటిది నిన్న మూడూ యాభైకి పంపింది. అది పంపిన శిష్యుడికి టీచర్ పెట్టుకున్న పేరు 'గొణుగుడు'.

ఆమె పైకి చదివింది. "టీచర్, ఎవరో వచ్చారు ఉండు అని వెళ్ళారు, ఇంతలో కట్ అయింది. నేను వయొలిన్ పట్టుకునే కూర్చున్నాను. మళ్ళీ కాల్ చేస్తారా?"

హెడ్డు గట్టిగా ఊపిరి వదిలాడు. క్లాసు జరిగింది. నిచ్చెన వెళ్ళాక టీచర్ పాఠం చెప్పింది. పాఠం మధ్యలో ఎవరో వచ్చారు. ఆ వచ్చినవాళ్ళే పిన్నుతో నొక్కారు. మూడూ యాభై కల్లా నెట్ పోయింది. ఐదింటి లోపల మెజిస్ట్రేటుకి చెప్పడానికి ఈ ఒక్క పిల్లవాడి మాట చాలు.

నిదానమ్మ తలెత్తబోయింది. అప్పుడు వినపడింది.

టక్ టక్.

తలుపు కొట్టినట్టు. ఆమె గుమ్మం వైపు చూసింది, హెడ్డు కూడా చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. టక్ టక్, టక్ టక్. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

సిగ్నల్ రాని గదిలో, మూరెడు మందం గోడల మధ్య, అతని ఫోను మోగుతోంది. దానికి పాస్‌వర్డ్ ఎవరూ చెప్పలేదు. అది ఎవర్నీ అడగలేదు కూడా. పాత పేరు కనపడగానే, ఎరిగిన ఇంట్లోకి వచ్చినట్టు తనంతట తనే వచ్చి కలిసింది. ఈ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా తెలియదన్న మనిషి ఫోను. ఒకప్పుడు ఈ హాల్లో కుర్చీలో కూర్చుని, ఒక పిల్ల పాఠం అయ్యేదాకా ఎదురుచూసిన ఫోను. నిన్న కూడా ఇలాగే మోగి ఉంటుంది. మోగినప్పుడే అతనికి తెలిసి ఉంటుంది, గోడమీది పెట్టెకి తను వచ్చినట్టు తెలిసిపోయిందని. దాని జ్ఞాపకం చెరిపేశాడు. తన ఫోను జ్ఞాపకం సంగతి అతనికి తట్టలేదు.

నిదానమ్మ కళ్ళు కుర్చీలోని తాళాల గుత్తి మీద పడ్డాయి. విజిలు. సన్నటి పిన్ను. ఆమె గుత్తిని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. జీపు తాళం కూడా అందులోనే ఉంది.

"అదిలా ఇవ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో ఇప్పుడు నిదానమ్మ గారూ లేదు, నవ్వూ లేదు.

ఆమె గుప్పిలి విప్పలేదు. ట్యాబ్ మీద పేర్లు ఇంకా దిగుతున్నాయి. నాలుగో పేరు 'ఎడమచేతి పిల్ల'. నిన్న రాత్రి ఎనిమిదింటికి పంపింది. ఈసారి పైకి చదవలేదు. హెడ్డుకి కనపడేలా ట్యాబ్ తిప్పి పట్టుకుంది.

'టీచర్, నాన్న మీ దగ్గరికి వచ్చారా? ఇంటికొచ్చినప్పట్నుంచీ చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. మీరు బాగున్నారా? ఒక్కసారి చెప్పండి.'

హెడ్డు దాన్ని పెదవులు కదుపుతూ చదివాడు. "పాపకి వయొలిన్ పెట్టె కొని తెచ్చింది నేనే సార్," అన్నాడు చివరికి. "ఎక్కడ నేర్చుకుంటుందో మీరు నాకు చెప్పలేదు."

"హెడ్డూ, పోయి జీపులో కూర్చో."

ఆయన కదల్లేదు. ట్యాబ్‌లో మళ్ళీ గంట మోగింది. ఇది నిన్నటిది కాదు, ఈ నిమిషం పంపింది.

'టీచర్! రెండు టిక్కులు పడ్డాయి! నిన్నటి నుంచి ఒకటే ఉంది. మీరున్నారా? నాన్న స్టేషన్‌కి వెళ్ళారు. నానమ్మ పడుకుంది. నాకు భయంగా ఉంది టీచర్, త్వరగా చెప్పండి.'

మెసేజ్ ట్యాబ్‌కి అందిందని ఆ పిల్ల ఫోన్లో రెండో టిక్కు పడింది. టీచర్ బతికే ఉందనుకుంటోంది. ఎక్కడో ఒక గదిలో కూర్చుని జవాబు కోసం చూస్తోంది. జవాబు ఇవ్వడానికి ఈ ట్యాబ్ తాళం ఎవరికీ తెలియదు.

ఆ అక్షరాలు తిరగేసి ఉన్నా ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. అతను ఫోన్ తీశాడు. ఇప్పుడు ఈ గదిలో ఫోన్ పనిచేస్తుంది, ఆమే పనిచేసేలా పెట్టింది. అతని బొటనవేలు ఇంటి నంబరు వెతుకుతోంది. నానమ్మని లేపితే చాలు. పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడానికీ, తలుపు గడియ పెట్టడానికీ ఎంతసేపు పడుతుంది?

నిదానమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి రౌటర్ ప్లగ్గు పీకేసింది. దీపాలు ఆరాయి. అతని ఫోను మూగబోయింది.

అతను ఆమెకేసి చూసిన చూపు ఒక్క నిమిషం ముందు అయితే ఆమెని భయపెట్టేదే. ఆ తర్వాత వరండా వైపు తిరిగాడు. సిగ్నల్ ఉన్నది అక్కడే. కానీ వరండా గుమ్మంలో హెడ్డు నిలబడి ఉన్నాడు. టోపీ తీసి పక్కన కుర్చీ మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషికి దారి ఇవ్వడమే ఆయన ఉద్యోగం.

"కూర్చోండి సార్," అన్నాడు. తర్వాత ఆయన తల తిప్పకుండానే, "అమ్మా, స్టేషన్ వెనక క్వార్టర్సు. చివరి ఇల్లు. నీలం తలుపు. వెళ్ళండి," అన్నాడు.

ఆమె ట్యాబ్‌ని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. సగం దిగేసరికి పైన కుర్చీ విరిగిన చప్పుడు, దాని వెంటనే బరువుగా ఏదో నేలని తాకిన చప్పుడు. పైనున్నది ఒక మంచి మనిషి. అక్కడ, నీలం తలుపు వెనక ఒక పిల్ల రెండు టిక్కులు చూసుకుంటూ కూర్చుని ఉంది. ఆమె కాలు ఒక్క మెట్టు మీద ఆగింది.

"నర్సమ్మా!" అని గొంతెత్తి ఒక్క కేక పెట్టింది. "పైనుంచి రండి, మనుషుల్ని కేకేయండి!"

మళ్ళీ ఆగలేదు. జీపు తాళాలు గుప్పిట్లో గుచ్చుకుంటున్నాయి. ఆమెకి నిదానమ్మ అని పేరు పెట్టినవాళ్ళెవరూ ఆ పరుగు చూడలేదు.